అడిగినదానికన్నా ఒక అడుగు ముందు: కోయంబత్తూరు తెలుగు పెద్దల వ్యాపార పాఠం



మన యువసభ్యులు కొందరు ఈ మధ్య మమ్మల్ని ఒక మాట అడిగారు. "వ్యాపారంలో మంచి నాయకుడు కావడం ఎలా, కస్టమర్ ఆశించినదానికన్నా ఎక్కువ ఇవ్వడం ఎలా అని బయట వేలకు వేలు ఫీజు తీసుకుని చెబుతున్నారు. మన ఊళ్లో మనవాళ్లే ఇన్ని కంపెనీలు పెట్టారు కదా, వాళ్లకు ఇవన్నీ ఎవరు నేర్పారు?" అని. మంచి ప్రశ్న. ఏటా వార్షికోత్సవంలో మనం పెద్దల ఫొటోలకు దండలు వేస్తాం. వాళ్లు ఏం చేశారో మాత్రం రెండు వాక్యాల్లో ముగిస్తాం. అందుకే ఈసారి కాస్త వివరంగా రాస్తున్నాం.

ముందు నేల సంగతి చెప్పుకోవాలి. విజయనగర, నాయక రాజుల కాలంలో తమిళ దేశానికి తరలివచ్చిన తెలుగు రైతు కుటుంబాలలో చాలామంది నల్లరేగడి నేలలు చూసుకుని స్థిరపడ్డారు. కోయంబత్తూరు చుట్టుపక్కల పత్తి బాగా పండుతుంది, కానీ వాన తక్కువ. పడమటి కనుమలు వానను అటువైపే ఆపేస్తాయి. బావులు లోతుగా తవ్వాలి. ఆ లోతునుంచి ఎద్దులతో మోట తోలి నీళ్లు తోడాలి. తమిళంలో దాన్నే కవలై అంటారు. తెల్లవారుజామున మొదలుపెడితే ఎండెక్కేదాకా ఎద్దులూ మనిషీ ముందుకూ వెనక్కూ నడుస్తూనే ఉండాలి. మన తాతముత్తాతల వ్యాపారబుద్ధి ఆ మోటబావి దగ్గరే మొదలైందని మా అభిప్రాయం. ఎందుకో కిందకు వెళ్లేకొద్దీ మీకే తెలుస్తుంది.

ఒక్క బస్సు

జి.డి. నాయుడుగారి పేరు తెలియని ఇల్లు మనలో ఉండదు. గోపాలస్వామి దొరస్వామి నాయుడు 1893 మార్చి 23న కోయంబత్తూరు దగ్గర కళంగల్ గ్రామంలో రైతు కుటుంబంలో పుట్టారు. బడి చదువు ఎక్కువ సాగలేదు. ఒక ఇంగ్లీషు అధికారి మోటారు సైకిల్‌ను చూసి, అలాంటిది తనకూ కావాలనుకున్నారు. కొనడానికి డబ్బు లేదు. ఊరు వదిలి కోయంబత్తూరు హోటల్లో సర్వర్‌గా చేరి, జీతం కూడబెట్టి, మూడు వందల రూపాయలకు ఆ బండినే కొన్నారు. కొన్నాక దాన్ని మొత్తం విప్పి, మళ్లీ బిగించారు. ఆ విప్పడం, బిగించడంలోనే ఆయన మెకానిక్ అయ్యారు.

ఈ కథ మన పిల్లలకు చాలాసార్లు చెప్పాం. ఇందులో రెండు సంగతులు మాత్రం ఎవరూ పట్టించుకోరు. ఆయన హోటల్లో బల్లల దగ్గర నిలబడి పనిచేశారు. ఎవరికి ఏం కావాలి, ఎవరు ఎంతసేపటినుంచి ఎదురుచూస్తున్నారు అని గమనించడమే సర్వర్ పని. రెండోది, అమ్మేవాడిని నమ్మి ఊరుకోకుండా, కొన్న వస్తువు లోపల ఏముందో తన చేత్తో చూసుకున్నారు. కస్టమర్ ఏం చూస్తాడో, వస్తువు ఎక్కడ మొరాయిస్తుందో, రెండూ తెలిసిన మనిషి తర్వాత వ్యాపారంలోకి దిగారు.

1920లో సర్ రాబర్ట్ స్టేన్స్ చేసిన అప్పు సాయంతో ఒక బస్సు కొని, పొళ్లాచ్చి–పళని దారిలో తానే నడిపారు. అరవై కిలోమీటర్ల పైచిలుకు దూరం. పళని కొండకు మొక్కు తీర్చుకోవడానికి పోయేవాళ్లు, సంతకు పోయే రైతులు, పిల్లాజెల్లాతో పుట్టింటికి పోయే ఆడవాళ్లు ఎక్కే దారి అది. ఆ రోజుల్లో చాలా చోట్ల బస్సు నిండితేనే కదిలేది. దారిలో ఆగిపోతే ఎప్పుడు బాగవుతుందో డ్రైవర్‌కే తెలియదు. ప్రయాణికుడు అడిగేది సీటు ఒక్కటే. చెప్పుకోలేని కష్టం ఇంకొకటి ఉంది: ఎంతసేపు కాచుకోవాలో తెలియకపోవడం.

నాయుడుగారు పట్టుకున్నది ఆ కష్టాన్నే. మనవాళ్లు ఇప్పటికీ యు.ఎం.ఎస్. అనే ఆయన సంస్థ సమయపాలనకు పేరు తెచ్చుకుంది. సమయానికి బస్సు రావాలంటే కేవలం డ్రైవర్‌ను గద్దిస్తే చాలదు. బండి దారిలో ఆగకూడదు. అందుకు సొంత వర్క్‌షాపు కావాలి, విడిభాగాలు చేతిలో ఉండాలి, మరమ్మతు తెలిసిన మనుషులు ఉండాలి. టికెట్ కొట్టడంలో ఆలస్యం, లెక్కల్లో తేడా ఉండకూడదు. అందుకు ఆయన టికెట్ యంత్రం తయారుచేశారు. ప్రయాణికుడికి కనిపించేది వేళకు వచ్చిన బస్సు ఒక్కటే. దాని వెనక ఉన్న పనంతా ప్రయాణికుడికి తెలియనవసరం లేదు. ఆ ఒక్క బస్సు పది పదిహేనేళ్లలో వందల బస్సుల సంస్థ అయ్యింది.

మోట తోలినవాడే మోటారు చేశాడు

1930ల మొదట్లో నీలగిరులలోని పైకారా జలవిద్యుత్తు కోయంబత్తూరుకు వచ్చింది. కరెంటు వచ్చింది గానీ, బావి మీద పెట్టే మోటారు పరదేశంనుంచి రావాలి. కాలిపోతే దాని భాగాలు ఓడలో రావాలి. అప్పటిదాకా చేను ఎండాలి.

1937లో పీళమేడులో నాయుడుగారి పూనికతో, డి. బాలసుందరం నాయుడుగారి పనితనంతో దేశంలోనే మొదటి స్వదేశీ ఎలక్ట్రిక్ మోటారు తయారైంది. బాలసుందరంగారే తర్వాత టెక్స్‌టూల్ సంస్థను నిలబెట్టి, నూలు మిల్లులకు యంత్రాలు చేశారు. ఆ తర్వాత మన ఊరు పంపుసెట్ల ఊరైంది. ఇవాళ దేశంలో ఏ మూల బావి దగ్గరికి పోయినా కోయంబత్తూరు పేరు చెక్కిన పంపు కనిపిస్తుంది.

ఇది ఇక్కడే ఎందుకు జరిగింది? తెలివితేటలు ఒక్క మన దగ్గరే పుట్టలేదు. పంపు చేసినవాళ్లు, వాళ్ల అన్నదమ్ములు, మేనమామలు ఎద్దుల వెనక నడిచినవాళ్లే. పల్లెల్లో వోల్టేజి నిలకడగా ఉండదనీ, వోల్టేజి పడిపోతే మోటారు వేడెక్కి వైండింగ్ కాలిపోతుందనీ, కాలిపోయిన రోజు రైతుకు నిద్ర పట్టదనీ వాళ్లకు ఎవరూ సర్వే చేసి చెప్పనక్కర్లేదు. రైతు "నీళ్లు తోడే మోటారు కావాలి" అంటాడు. "కాలిపోతే మా ఊళ్లోనే బాగుచేయగలిగే మోటారు కావాలి" అని అనడు, కానీ అతనికి కావలసింది అదే.

మిల్లులలోనూ ఇదే వరస. పత్తి పండించినవాళ్లు జిన్నింగులోకి, జిన్నింగునుంచి నూలు మిల్లులోకి వచ్చారు. జి. కుప్పుస్వామి నాయుడుగారు 1910లో లక్ష్మీ మిల్స్ స్థాపించారు. మిల్లుకు కావలసిన యంత్రాలు చాలాకాలం బయటనుంచే కొన్నారు. 1962లో ఆ కుటుంబానికే చెందిన జి.కె. దేవరాజులుగారు స్విట్జర్లాండు రీటర్ కంపెనీ సహకారంతో లక్ష్మీ మెషిన్ వర్క్స్ మొదలుపెట్టారు. మిల్లు నడిపినవాళ్లే మిల్లు యంత్రం చేశారు. పోగు ఎక్కడ తెగుతుందో, ఏ భాగం ముందు అరుగుతుందో, యంత్రం ఒక పూట ఆగితే ఎంత నష్టమో వాళ్లకు సొంత లెక్కల పుస్తకంలోనే ఉంది.

ఈ వరసంతా ఒకసారి చూడండి. రైతు, జిన్నింగు, నూలు, యంత్రం. ప్రతి మెట్టు దగ్గరా నిన్నటి కస్టమరే ఇవాళ తయారీదారు. కస్టమర్ ఆశించినదానికన్నా ఎక్కువ ఇవ్వగలిగిన రహస్యం ఇంతే. వాళ్లు అవతలి వైపు నిలబడి వచ్చారు, అక్కడి కష్టాన్ని మరిచిపోలేదు.

ఐదో వాటా

నాయకత్వం అనే మాటకు మన ఊళ్లో ఇంకో అర్థం కూడా ఉంది. పీళమేడు పి.ఎస్. గోవిందస్వామి నాయుడుగారి కుమారులు నలుగురు. 1926లో ఆస్తి పంచుకున్నప్పుడు నాలుగు భాగాలు కాదు, ఐదు భాగాలు చేశారు. ఐదో వాటా, రెండు లక్షల పైచిలుకు రూపాయలు, ధర్మానికి. అదే పి.ఎస్.జి. అండ్ సన్స్ చారిటీస్. ఆ వాటానుంచి బడి వచ్చింది, చేతిపని నేర్పే పారిశ్రామిక శిక్షణాలయం వచ్చింది, 1951లో పి.ఎస్.జి. టెక్ వచ్చింది.

దీన్ని దానం అని మాత్రమే చెబితే సగమే చెప్పినట్టు. పంపు చేయడానికి పోతపని, లేతు పని తెలిసినవాళ్లు కావాలి. అమ్మిన పంపును బాగుచేయడానికి ఊరూరా వైండింగ్ తెలిసినవాళ్లు కావాలి. పనివాడికి నేర్పకుండా కస్టమర్‌కు ఇచ్చే హామీ గాలిలో దీపం. 1945లో జి.డి. నాయుడుగారు ఆర్థర్ హోప్ పాలిటెక్నిక్‌కు పూనుకున్నదీ, ఇంజనీరింగ్ చదువు నాలుగేళ్లు అక్కర్లేదు, చేతిపనితో నేర్పితే రెండేళ్లు చాలని పట్టుబట్టిందీ ఈ ఆలోచనతోనే. ఆయన మాట నెగ్గలేదు, ఆయన తప్పుకున్నారు. ఆ కాలేజీయే నేటి గవర్నమెంట్ కాలేజ్ ఆఫ్ టెక్నాలజీ.

1956లో ఇక్కడి మిల్లులు కలిసి సిట్రా అనే పరిశోధన సంస్థను పెట్టుకున్నాయి. బజారులో పోటీపడేవాళ్లు నూలు నాణ్యత దగ్గర ఒక కప్పు కిందకు వచ్చారు. ఒక మిల్లు నాసిరకం నూలు పంపితే చెడేది ఊరి పేరని వాళ్లకు తెలుసు.

దండల వెనక దాగిన మాటలు

చరిత్ర రాసేటప్పుడు మెచ్చుకోలు ఒక్కటే రాస్తే అది శుభలేఖ అవుతుంది. రెండు సంగతులు చెప్పాలి.

మొదటిది, నాయుడుగారి వస్తువులన్నీ జనం చేతికి చేరలేదు. 1941లో ఐదు వాల్వుల రేడియోను డెబ్బై రూపాయలకే చేయగలనన్నారు. 1952లో రెండు వేల రూపాయలకు ఇద్దరు కూర్చునే కారు అన్నారు. ప్రభుత్వ లైసెన్సు రాక ఆ కారు ఆగిపోయింది. కరెంటు లేని ఇళ్లకోసం కిరోసిన్‌తో తిరిగే ఫ్యాను కూడా ఆయన చేశారు. వస్తువు మంచిదైతే చాలదు. అనుమతి, పెట్టుబడి, కలిసి నడిచే మనుషులు, ఇవన్నీ కూడితేనే అది కస్టమర్ ఇంటికి చేరుతుంది. ఒక్కడి మేధస్సు మీద నిలిచిన పని ఆ ఒక్కడితోనే ఆగిపోయే ప్రమాదం ఉంది. బాలసుందరంగారిలాంటి వారితో కలిసి చేసిన మోటారు ఊరంతా పాకింది.

రెండోది ఇంకా బరువైనది. ఈ ఊరి మిల్లుల చరిత్రలో కార్మికుల చరిత్ర కూడా ఉంది. మిల్లు గొడవల నేపథ్యంలో జరిగిన ఒక కేసులో చిన్నియంపాళయం కార్మికులు నలుగురిని 1946 జనవరి 8న కోయంబత్తూరు జైలులో ఉరితీశారు. ఏటా ఆ రోజున వాళ్లను తలచుకునే కుటుంబాలు మన పక్క వీధుల్లోనే ఉన్నాయి. కొనేవాడి కష్టం కనిపెట్టిన చూపు, తన మిల్లులో రాత్రి షిఫ్టు చేసేవాడిమీద ఎంతవరకు నిలిచింది అని మన పిల్లలు అడిగితే, ఆ ప్రశ్నకు తలవంచుకోకుండా కూర్చుని మాట్లాడాలి. కస్టమర్‌కు సమయానికి సరుకు ఇచ్చి, పనివాడికి సమయానికి జీతం ఇవ్వని ఇల్లు ఎక్కువకాలం నిలవదు.

ఇప్పుడు మన వంతు

మన వ్యాపారాలు చాలావరకు మూడో తరం, నాలుగో తరం చేతికి వచ్చాయి. ఈ పిల్లలు బాగా చదువుకున్నారు, విదేశాలు చూశారు, లెక్కలు మనకన్నా వేగంగా చేస్తారు. వాళ్లను తక్కువ చేసే మాట మేము అనం. అయితే వాళ్లు మోట తోలలేదు, బస్సుకోసం ఎండలో నిలబడలేదు, యంత్రం ఆగిన రాత్రి మిల్లులో పడుకోలేదు. తాతలకు బతుకే నేర్పిన పాఠాన్ని మనవలు కావాలని వెతుక్కుని నేర్చుకోవాలి. అది జరగకపోతే పేరు బోర్డుమీద ఉంటుంది, పని ఇంకొకరి చేతికి పోతుంది. అలా పోయిన పేర్లు మన ఊళ్లోనే మీకు నాలుగైదు గుర్తొస్తాయి. వాటిని ఇక్కడ రాయం.

కాబట్టి సంఘం తరఫున మూడు మనవులు.

ఒకటి, మీ ఇంటి పిల్ల గానీ, పిల్లవాడు గానీ కంపెనీలో చేరితే మేనేజరు కుర్చీకన్నా ముందు ఆరు నెలలు సర్వీసులో పెట్టండి. కాలిపోయిన మోటారు పట్టుకుని దిండుక్కల్ నుంచో ధారాపురం నుంచో వచ్చిన రైతు ముఖం చూడనివ్వండి. ఆ రైతు అడిగినదానికి జవాబు చెప్పడం సగం పని. అడగకుండా ఊరుకున్నది కనిపెట్టడం మిగతా సగం.

రెండు, చేతిపని నేర్పే బాధ్యత మళ్లీ తీసుకుందాం. మన సభ్యుల వర్క్‌షాపులలో ఒక్కొక్కరు ఏడాదికి ఒక పిల్లవాడికి, ఏ కులమైనా ఏ భాషైనా సరే, జీతమిచ్చి పని నేర్పితే చాలు. ఐదో వాటా ఇచ్చే స్తోమత అందరికీ ఉండదు, ఒక లేతు పక్కన చోటు ఇచ్చే స్తోమత చాలామందికి ఉంది.

మూడు, మన ఇళ్లలో తెలుగు మాట ఉంది గానీ అక్షరం తగ్గింది. ఈ రాతను చదవగలిగిన పెద్దలు, చదవలేని పిల్లలకు బిగ్గరగా చదివి వినిపించండి. చదివాక మీ తాతగారి మొదటి కస్టమర్ ఎవరో, ఆయనకు వీరు ఏం ఎక్కువ చేసి ఇచ్చారో, ఇంట్లో తెలిసినవారిని అడిగి కామెంట్లలో రాయండి. పేరు పెట్టనక్కర్లేదు, సంగతి చాలు. ఫొటోలకు దండలతోపాటు ఆ సంగతులను కూడా వచ్చే వార్షికోత్సవంలో చదువుదాం.