కాన్పూర్ నుంచి తొమ్మిది పేజీలు

2002 ఆగస్టు 4, ఆదివారం. కాన్పూర్ ఐఐటీ నుంచి పదిహేను మంది నిపుణులకు ఒక ఈమెయిల్ బయల్దేరింది. వెంట తొమ్మిది పేజీల రాతప్రతి. దాని పేరు ‘ప్రైమ్స్ ఈజ్ ఇన్ పి’. పేరు కింద ముగ్గురు రచయితలు. మణీంద్ర అగ్రవాల్ అక్కడి కంప్యూటర్ సైన్స్ ప్రొఫెసర్. నీరజ్ కయాల్, నితిన్ సక్సేనా ఆ ఏడాదే బీటెక్ పట్టా పుచ్చుకుని పీహెచ్‌డీలో అడుగుపెడుతున్న కుర్రాళ్లు.

ఆ పేజీలను అప్పటికి ఏ పత్రికా అచ్చువేయలేదు. ఇందులో తప్పు లేదని ఏ సమీక్షకుడూ పూచీ పడలేదు. అచ్చుకు ముందే తోటివాళ్ల చేతుల్లో పెట్టిన ప్రీప్రింట్ అది. అందులో చెప్పిన సంగతి మాత్రం సామాన్యమైంది కాదు. ఒక సంఖ్య ప్రధాన సంఖ్యో కాదో వేగంగా, కచ్చితంగా తేల్చే దారి దొరికిందని.

91 ప్రధాన సంఖ్యేనా అని అడిగితే, ఏడు పదమూళ్లు తొంభై ఒకటి కదా అని ఆరో తరగతి పిల్ల కూడా కాదని తేల్చేస్తుంది. అదే కొన్ని వందల అంకెలున్న సంఖ్య ఇస్తే, ఒక్కొక్క భాజకాన్నీ వేసి చూడటం ఏ కంప్యూటర్ వల్లా కాదు. అప్పటికి తెలిసిన దారులు చాలానే ఉన్నాయి, ప్రతిదానికీ ఏదో ఒక లోటు. కొన్ని వేగంగా తేల్చేవి, కానీ ఎంత చిన్నదైనా పొరపాటుకు చోటు మిగిల్చేవి. 1976లో మిల్లర్ చూపిన దారి రీమన్ ఊహ విస్తృత రూపం నిజమైతేనే నిలబడుతుంది, ఆ ఊహ ఇవాళ్టికీ నిరూపణ కాలేదు. 1983లో ఆడెల్మన్, పామెరెన్స్, రుమెలీ తెచ్చిన పద్ధతికి ఏ ఊహ ఆసరా అక్కర్లేదు గానీ, అంకెలు పెరిగేకొద్దీ దానికి పట్టే సమయం కొద్దిలో హద్దు దాటేది. ఈ లోటులన్నీ ఒక్క దెబ్బతో తీరాయన్నది కాన్పూర్ వాళ్ల మాట. పొరపాటు లేదు, ఊహ లేదు, పట్టే సమయం అంకెల సంఖ్య పన్నెండో ఘాతం దరిదాపుల్లోనే ఆగుతుంది.

ఇది ఒక్క రాత్రిలో తట్టింది కాదు. అగ్రవాల్ తన గురువు సోమనాథ్ బిశ్వాస్‌తో కలిసి 1999లోనే బహుపదుల మీదుగా ఒక కొత్త దారి వేశారు. ఆ తర్వాత బీటెక్ ప్రాజెక్టుల్లో ఒక బ్యాచ్ విద్యార్థులు కొంత దూరం లాగారు, కయాల్, సక్సేనా అక్కణ్నుంచి అందుకున్నారు. 2002 వేసవిలో నిరూపణ చేతికి చిక్కింది. ఇక చూడాల్సింది బయటివాళ్లు. దశాబ్దాలుగా మహామహులకు కొరుకుడు పడని ప్రశ్న. పేజీలేమో తొమ్మిది. ఎక్కడైనా ఒక్క మెట్టు జారితే ముందు తెలిసేది ఆ పదిహేను మందికే.

ఆ సాయంత్రమే జవాబులు మొదలయ్యాయి. కంప్యూటర్ శాస్త్రవేత్తలు జైకుమార్ రాధాకృష్ణన్, విక్రమన్ అరవింద్ అభినందనలు పంపారు. సోమవారం పొద్దున అమెరికాలో కార్ల్ పామెరెన్స్ ఆ పేజీలు తెరిచారు. 1983 నాటి పద్ధతి కట్టిన ముగ్గురిలో ఒకరైన పామెరెన్సే ఆయన. తన జీవితకాలపు శ్రమను దాటుకుని ముందుకు వెళ్లిన రాతప్రతిని చదివి, లెక్క సరిచూసుకుని, ఆ మధ్యాహ్నమే అప్పటికప్పుడు సెమినార్ పెట్టించారు. న్యూయార్క్ టైమ్స్ విలేకరికి కబురు చేసిందీ ఆయనే. ఈ కథలో నాకు అందరికంటే పెద్దమనిషిగా కనిపించేది ఆయనే.

మంగళవారం ప్రీప్రింట్ ఇంటర్నెట్‌లో అందరికీ అందుబాటులోకి వచ్చింది. మొదటి పది రోజుల్లో మూడు లక్షలకు పైగా డౌన్‌లోడ్‌లు. గురువారం న్యూయార్క్ టైమ్స్‌లో వార్త. ఈలోగా కొందరు సందేహాలు లేవనెత్తారు. వాటిని డచ్ గణితవేత్త హెండ్రిక్ లెన్‌స్ట్రా అదే గురువారం తేల్చేశారు. రాతప్రతిలో నిజంగా తప్పనదగ్గది ఒక్కటే ఉందని, దాన్ని సులువుగా సరిచేయవచ్చని, సారం పూర్తిగా సరైనదేనని చెప్పారు. శుక్రవారానికల్లా గణితవేత్త డాన్ బెర్న్‌స్టీన్ ప్రధాన నిరూపణను ఒక్క పేజీలోకి కుదించి చూపించారు.

ఆదివారం మొదలై శుక్రవారానికి పరీక్ష ముగిసింది. గణితంలో ఒక పత్రం సమీక్ష దాటి అచ్చులోకి రావడానికి ఏళ్లు పట్టడం మామూలే, అందులో సమీక్షకుల తప్పేమీ లేదు. కానీ ఆ ఏళ్లన్నీ ఆ తొమ్మిది పేజీలు ఒక సంపాదకుడి బల్ల మీద ఉండిపోయి ఉంటే, చదివేది ఇద్దరో ముగ్గురో. తలుపు తీసిపెట్టారు కాబట్టి లెన్‌స్ట్రా లోపలికి వచ్చారు. మొదటి నిరూపణ 1985 నాటి ఫూవ్రీ సిద్ధాంతం అనే బరువైన పనిముట్టు మీద ఆనుకుని ఉంది. ఆయన ఆ ఆసరానే తీసేసి, డిగ్రీ విద్యార్థికి అందే వాదన పెట్టారు. తప్పులు పట్టడం ఒక ఎత్తు, అడగకుండానే ఎదుటివాడి నిరూపణను మెరుగుచేసి అతని చేతికే ఇవ్వడం ఇంకో ఎత్తు.

అయితే తలుపు తీస్తే ఎప్పుడూ మేలే జరుగుతుందని నేను అనను. 2020 జనవరి 31న ఢిల్లీ పరిశోధకులు కొందరు కొత్త కరోనా వైరస్‌లో హెచ్ఐవీని పోలిన భాగాలున్నాయంటూ బయోఆర్కైవ్ అనే వెబ్‌సైట్‌లో ఒక ప్రీప్రింట్ పెట్టారు. శాస్త్రవేత్తలు వెంటనే లోపాలు ఎత్తిచూపారు, రచయితలు రెండు రోజుల్లోనే వెనక్కి తీసుకున్నారు. అంటే పరీక్ష ఇక్కడా చురుగ్గానే జరిగింది. కానీ ఈలోపే అది భయంతో ఉన్న కోట్ల మంది మధ్యకు వెళ్లిపోయింది. కాన్పూర్ పేజీలను మొదట చదివినవాళ్లు ఆ లెక్కను తామే సరిచూసుకోగలవాళ్లు. ప్రధాన సంఖ్యల మీద పొరపాటు మాట వల్ల ఎవరి ప్రాణానికీ ముప్పు లేదు. రోగం సంగతి అలా కాదు. అందుకే వైద్యానికి సంబంధించిన ప్రీప్రింట్‌ను వార్తగా రాసే విలేకరి, ఇది ఇంకా సమీక్ష కాలేదన్న మాట మొదటి వాక్యంలోనే రాయాలి. చివరి పేరాలో రాస్తే చాలదు.

కాన్పూర్ పత్రం 2004లో ‘ఆనల్స్ ఆఫ్ మ్యాథమెటిక్స్’లో అచ్చయింది, లెన్‌స్ట్రా సరళీకరణతో, ఆయనకు కృతజ్ఞతలతో. అప్పటికే, 2002లోనే, అగ్రవాల్‌కు క్లే పరిశోధనా పురస్కారం వచ్చేసింది. 2006లో ముగ్గురికీ గోడెల్, ఫల్కర్‌సన్ బహుమతులు వచ్చాయి.

ఆ పనిని ముందుకు తీసుకెళ్లినవాళ్లు లెన్‌స్ట్రా, పామెరెన్స్. ఇద్దరూ కలిసి ఆ పన్నెండో ఘాతాన్ని ఆరుకు దించారు. వాళ్ల పత్రం 2005 నాటికే ప్రీప్రింట్‌గా చేతులు మారుతోంది. మిగతా గణితవేత్తలు దాన్ని చదివారు, తమ పత్రాల్లో ఉదహరించారు, దాని మీద ఆధారపడి పనిచేశారు. అది పత్రికలో అచ్చయింది 2019లో.