వయసు దాటాక మొదలైన పందెం

కోటబొమ్మాళి నుంచి జాతీయ రహదారి పట్టుకుని సైకిలు మీద దక్షిణానికి పోతే, శ్రీకాకుళం, విశాఖపట్నం దాటి అనకాపల్లి దరిదాపులకు చేరేసరికి 180 కిలోమీటర్లవుతుంది. సైకిలెక్కే ముందు భావనపాడు దగ్గర సముద్రంలో 3.8 కిలోమీటర్లు ఈది రావాలి. సైకిలు దిగాక ఇంకా 42.2 కిలోమీటర్ల పరుగుంది. అది సుమారుగా కోటబొమ్మాళికీ శ్రీకాకుళానికీ మధ్య ఉన్న దూరం. ఇదంతా ఒక్క రోజులోనే. మధ్యలో కునుకు లేదు, కూర్చుని తినడం లేదు, బూట్లు మార్చుకునే క్షణాలు కూడా లెక్కలోకే వస్తాయి. దీన్ని ఐరన్‌మ్యాన్ దూరపు ట్రయథ్లాన్ అంటారు. పూర్తి చేయడానికి సాధారణంగా ఇచ్చే గడువు 17 గంటలు. ఇంగ్లండుకు చెందిన క్రిస్సీ వెల్లింగ్టన్ 2011లో దాన్ని 8 గంటల 18 నిమిషాల 13 సెకన్లలో ముగించింది.

పరుగు మన జిల్లాకు కొత్తేమీ కాదు. తెల్లవారుజామున రోడ్డు వారనా, హైస్కూలు గ్రౌండుల్లోనూ కుర్రాళ్లు గుంపులుగా పరుగెడుతుంటారు. ఆర్మీ ర్యాలీ కావచ్చు, కానిస్టేబుల్ ఈవెంట్స్ కావచ్చు, అదృష్టం 1600 మీటర్ల దగ్గర తేలిపోతుంది. ఉద్యోగం వస్తే పరుగు ఆగుతుంది. రాకపోతే వయోపరిమితి దాటిన రోజున ఆగుతుంది, బూట్లు తమ్ముడి కాళ్లకు వెళ్తాయి. ఆడపిల్లకైతే పెళ్లిచూపులే వయోపరిమితి. "వయసైపోయింది" అనే మాట మన దగ్గర పాతికేళ్లకే వినిపిస్తుంది. వెల్లింగ్టన్ కథ ఇక్కడివాళ్లు తెలుసుకోదగ్గదని నాకనిపించడానికి కారణం ఆ మాటే.

ఆమదాలవలస పక్కనున్న ఊసవానిపేట నుంచి వెళ్లిన కరణం మల్లీశ్వరి 2000 సెప్టెంబరు 19న సిడ్నీలో స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలెత్తి కాంస్యం తెచ్చింది. ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారతీయ మహిళ ఆమె. అప్పటికి వయసు 25. అంతకు ఐదారేళ్ల ముందే, 1994లోనూ 1995లోనూ ప్రపంచ చాంపియన్ అయింది. సిడ్నీలో ఆ కాంస్యానికి మూడు రోజుల ముందు ట్రయథ్లాన్ మొదటిసారి ఒలింపిక్ క్రీడగా జరిగింది, మహిళల స్వర్ణం స్విట్జర్లాండుకు పోయింది. వెల్లింగ్టన్‌కు అప్పుడు 23 ఏళ్లు. ఆ పోటీతో ఆమెకు ఏ సంబంధమూ లేదు. చదువు ముగించుకుని ప్రభుత్వ ఉద్యోగం చేసుకోవాల్సిన అమ్మాయి.

ఆమె పుట్టినరోజు 1977 ఫిబ్రవరి 18. సరిగ్గా ఏడాదికి, 1978 ఫిబ్రవరి 18న, హవాయిలోని ఓహూ ద్వీపంలో మొదటి ఐరన్‌మ్యాన్ జరిగింది. కాకతాళీయమే అయినా భలే కలిసింది. ఈత, సైకిలు, పరుగు కలిపిన పోటీ అంతకుముందే ఉంది. 1974 సెప్టెంబరులో అమెరికాలోని శాన్‌డియాగోలో, మిషన్ బే ఒడ్డున, ఒక పరుగుల క్లబ్బు సరదాగా పెట్టింది. అందులో పాల్గొన్న నౌకాదళ అధికారి జాన్ కాలిన్స్ తర్వాత హవాయికి బదిలీ అయ్యాడు. 1977లో అక్కడ ఓ రిలే పరుగు బహుమతుల సభలో వాదన మొదలైంది. గట్టివాడు ఈతగాడా, పరుగువాడా, సైకిలు తొక్కేవాడా? ఆ దీవిలో అప్పటికే ఉన్న మూడు పోటీలను, వైకీకీ సముద్రపు ఈత, దీవి చుట్టూ సైకిలు పందెం, హోనొలులు మారథాన్, ఒకే రోజున వరసగా పెట్టి తేల్చుకుందామన్నాడు కాలిన్స్. ఈ దూరాల వెనక శాస్త్రమేమీ లేదు, ఉన్నవాటిని ముడేశారంతే. 15 మంది బయల్దేరారు, 12 మంది చివరికంటా వెళ్లారు. గోర్డన్ హాలర్ 11 గంటల 46 నిమిషాల 58 సెకన్లలో గెలిచాడు.

ఆ పన్నెండుగురూ మగవాళ్లే. మరుసటి ఏడు లిన్ లెమేర్ అనే సైకిలిస్టు బరిలోకి దిగి 12 గంటల 55 నిమిషాల 38 సెకన్లలో పూర్తి చేసి, మొత్తమ్మీద ఐదో స్థానంలో నిలిచింది. విజేత టామ్ వారెన్ సమయం 11 గంటల 15 నిమిషాల 56 సెకన్లు. ఇద్దరి మధ్యా తేడా గంటా 40 నిమిషాలు, అంటే దాదాపు 15 శాతం. ఈ శాతాన్ని గుర్తుపెట్టుకోండి.

1981లో నిర్వాహకురాలు వాలెరీ సిల్క్ పందేన్ని ఓహూ ట్రాఫిక్ నుంచి తప్పించి హవాయి పెద్ద దీవిలోని కోనాకు మార్చింది. నల్లటి లావా బీళ్ల మధ్య రోడ్డు, నీడ లేని ఎండ, పక్కనుంచి సైకిలును తోసేసే గాలి. ప్రపంచం దీన్ని గమనించింది మాత్రం ఒక ఓటమి వల్ల. 1982 ఫిబ్రవరిలో ముందంజలో ఉన్న విద్యార్థిని జూలీ మాస్ ముగింపు గీతకు కొద్ది దూరంలో కుప్పకూలింది. లేచింది, మళ్లీ పడింది. చివరికి పాకుతూ వెళ్లింది. ఆ లోపల కాథ్లీన్ మెకార్ట్నీ ఆమెను దాటి 29 సెకన్ల తేడాతో గెలిచింది. టీవీలో అది చూసినవాళ్లకు గెలిచినామె కంటే పాకినామే గుర్తుండిపోయింది. ఈ క్రీడ ఊరూరా పాకింది ఆ దృశ్యంతోనే.

తర్వాతి దశాబ్దాన్ని పత్రికలు డేవ్ స్కాట్, మార్క్ అలెన్‌ల పోరుగానే చెప్పుకొచ్చాయి. ఇద్దరికీ చెరి ఆరు కోనా విజయాలు. 1989లో ఎనిమిది గంటలు పక్కపక్కనే సాగి 58 సెకన్ల తేడాతో అలెన్ గెలిచిన పందెం నిజంగానే గొప్పది. కానీ నన్నడిగితే ఆ రోజుల్లో అసలు మార్పు ఆడవాళ్ల గడియారంలో జరుగుతోంది. జింబాబ్వేలో పుట్టి దక్షిణాఫ్రికాలోని డర్బన్‌లో పెరిగిన పౌలా న్యూబీ-ఫ్రేజర్ 1986 నుంచి 1996 వరకు కోనాలో ఎనిమిదిసార్లు గెలిచింది. 1988లో మగవాళ్లతో కలిపి చూసినా పదకొండో స్థానం. 1992లో 8 గంటల 55 నిమిషాల 28 సెకన్లతో తొమ్మిది గంటల గోడ బద్దలుకొట్టింది. 1995లో ముగింపు కనుచూపు మేరలో ఉండగా ఒంట్లో నీరింకిపోయి రోడ్డు మీద కూలబడింది. మరుసటి ఏడు, 34వ ఏట, తిరిగొచ్చి ఎనిమిదోసారి గెలిచింది. ఆమె తర్వాత ఆరుసార్లు గెలిచిన స్విట్జర్లాండు మహిళ నటాషా బాడ్‌మన్‌కు మొదటి విజయం 31వ ఏట, చివరిది 38వ ఏట.

ఈ వయసులకు కారణం లేకపోలేదు. వంద మీటర్ల పరుగుకు కావలసిన పేలుడు శక్తి ముందే కరిగిపోతుంది. ఎనిమిది తొమ్మిది గంటల శ్రమకు కావలసింది వేరు. ఏళ్ల తరబడి సాధనతో గట్టిపడ్డ గుండె, కొవ్వును ఇంధనంగా వాడుకోవడం నేర్చిన కండరం, ఎప్పుడు ఎంత తినాలో ఎంత తాగాలో తెలిసిన ఒడుపు. దానికి తోడు ఓపిక. ఒలింపిక్ ట్రయథ్లాన్‌లో ముందు సైకిలు చాటున దూరి గాలి తప్పించుకోవచ్చు. దూరపు పందెంలో ఆ వీలు లేదు, ఎవరి గాలిని వాళ్లే చీల్చుకోవాలి.

వెల్లింగ్టన్ ఇంగ్లండులోని నార్‌ఫోక్ ప్రాంతంలో ఫెల్ట్‌వెల్ అనే పల్లెలో పెరిగింది. చిన్నప్పుడు స్కూల్లో ఈత కొట్టింది కానీ చాంపియన్ ఛాయలేవీ లేవు. బర్మింగ్‌హామ్‌లో భూగోళశాస్త్రం, మాంచెస్టర్‌లో అంతర్జాతీయ అభివృద్ధి చదివింది. యవ్వనంలో తిండి మానేసి ఒంటిని మాడ్చుకునే జబ్బుతో బాధపడ్డ సంగతి ఆత్మకథలో తనే దాచకుండా చెప్పుకుంది. 2002లో లండన్ మారథాన్‌ను 3 గంటల 8 నిమిషాల్లో పూర్తిచేసి తనే ఆశ్చర్యపోయింది. అప్పటికి పర్యావరణ, గ్రామీణ వ్యవహారాల శాఖలో ఉద్యోగి. ఫైళ్లతో విసిగి 2004లో సెలవు పెట్టి నేపాల్ వెళ్లింది. అంతర్యుద్ధం నడుస్తున్న ఆ రోజుల్లో ఓ స్వచ్ఛంద సంస్థలో పల్లెల మంచినీటి, పారిశుద్ధ్య పనులు చూసింది. పొద్దున్నే ఖాట్మండూ లోయ చుట్టూ కొండదారుల్లో సైకిలు తొక్కేది. లాసా నుంచి ఖాట్మండూకు హిమాలయాల మీదుగా సైకిలు మీదే వచ్చింది. ఆమె ఊపిరికి అసలు శిక్షణ అక్కడే దొరికిందని నా నమ్మకం. ఏ అకాడమీలోనూ కాదు.

తిరిగొచ్చి పాత కుర్చీలోనే కూర్చుంది. 2006 సెప్టెంబరులో స్విట్జర్లాండులోని లోజాన్‌లో ఒలింపిక్ దూరపు ఔత్సాహికుల ప్రపంచ పోటీ గెలిచింది. కోచ్ బ్రెట్ సటన్ దగ్గర పరీక్షకు నిలబడి, 2007 ఫిబ్రవరిలో ప్రభుత్వ ఉద్యోగం వదిలేసింది. అప్పుడు వయసు 30. ప్రభుత్వ ఉద్యోగం కోసం పరుగెత్తే మనకు, పరుగు కోసం ప్రభుత్వ ఉద్యోగం వదిలేయడం కాస్త మింగుడుపడని విషయమే! ఆగస్టులో కొరియాలో మొట్టమొదటి ఐరన్‌మ్యాన్ గెలిచింది. రెండు నెలలు తిరక్కుండా, అక్టోబరు 13న, కోనాలో 9 గంటల 8 నిమిషాల 45 సెకన్లతో ప్రపంచ చాంపియన్. తర్ఫీదు పొందిన మారథాన్ వాళ్లకే చాలామందికి అందని మూడు గంటల గీతను, అంత ఈతా అంత సైకిలూ అయ్యాక, ఆమె రెండు సెకన్ల ముందు దాటింది.

2008 కోనా ఆమె స్వభావం తెలిపే పందెం. సైకిలు మీద ముందంజలో ఉండగా వెనక టైరు పంక్చరైంది. ఇందులో పంపు కొట్టే తీరిక ఉండదు. బొటనవేలంత ఉక్కు గొట్టంలో కుదించిన గ్యాసు ఉంటుంది, బిగించి వదిలితే క్షణాల్లో ట్యూబు నిండుతుంది. ఆమె ట్యూబు మార్చింది కానీ తెచ్చుకున్న గ్యాసంతా గాలిలోకే పోయింది. బయటివాళ్లు చేయివేస్తే పోటీ నుంచి తప్పిస్తారు. చేసేదేం లేక రోడ్డు పక్కన నిలబడింది. ప్రత్యర్థులు ఒక్కొక్కరే దాటిపోతున్నారు. అలా వెళ్తూ ఆస్ట్రేలియాకు చెందిన రెబెకా కీట్ తన దగ్గరున్న గొట్టం ఒకటి విసిరేసి పోయింది. వెల్లింగ్టన్ టైరు నింపుకుని, తనను దాటినవాళ్లందర్నీ మళ్లీ దాటి, పావుగంట తేడాతో గెలిచింది. ఆ గొట్టం విసిరినామెకు పతకం రాలేదు. ఈ క్రీడ చరిత్రలో ఆమె పేరు మాత్రం చెరగదు.

2009లో 8 గంటల 54 నిమిషాల 2 సెకన్లతో న్యూబీ-ఫ్రేజర్ 17 ఏళ్ల కోనా రికార్డు పోయింది. అదే ఏడు జర్మనీలోని రోత్‌లో 8 గంటల 31 నిమిషాల 59 సెకన్లు. అంతకుముందు ప్రపంచంలో ఏ స్త్రీ 8 గంటల 45 నిమిషాల కంటే తక్కువలో చేయలేదు. మరుసటి ఏడు మళ్లీ రోత్‌లోనే ఆ సమయంలోంచి ఇంకో పన్నెండు నిమిషాలకు పైగా కోసేసింది. రికార్డులు సెకన్లలో తరిగే చోట ఇలా నిమిషాల్లో తరగడం మామూలు సంగతి కాదు.

2010 కోనాలో పోటీ రోజు పొద్దున జబ్బుచేసి తప్పుకుంది. 2011లో కోనాకు రెండు వారాల ముందు సైకిలు మీంచి పడి ఒళ్లంతా గీరుకుపోయింది, గాయాలు చీముపట్టాయి. అప్పటికి ఆమెకు సలహాలిస్తున్నది పాత చాంపియన్ డేవ్ స్కాటే. ఆ ఒంటితో ఉప్పునీటిలో దిగింది. ఈతకు గంట దాటింది, సైకిలు ముగిసేసరికి చాలా వెనకబడింది. పరుగులో 2 గంటల 52 నిమిషాల మారథాన్ తీసి ముందున్నవాళ్లను ఒక్కొక్కరినే పట్టుకుంది. వెనకనుంచి తరుముకొచ్చిన మిరిండా కార్ఫ్రేకూ ఆమెకూ మధ్య చివరికి మిగిలింది 2 నిమిషాల 49 సెకన్లు. ఆమె గెలిచిన వాటిలో ఇదే గొప్పదని నేనంటాను. రోత్ రికార్డులు వేగానికి సాక్ష్యాలు, ఇది మొండితనానికి.

గీత దాటేటప్పుడు ఆమె నేలమీద పొర్లేది. నాడీ వ్యాధితో 2007లో చనిపోయిన జాన్ బ్లేస్ అనే ట్రయథ్లెట్ 2005లో కోనాను అలా ముగించాడు. అతని జ్ఞాపకార్థం అది. గెలిచాక హోటలుకు పోయి పడుకోకుండా, అర్ధరాత్రి గడువు ముగిసేవరకు ఉండి ఆఖరున వచ్చేవాళ్లను పలకరించడం ఆమెకు అలవాటు.

2011లో రోత్‌లో మగవాళ్లలో ఆండ్రియాస్ రేలెర్ట్ సమయం 7 గంటల 41 నిమిషాల 33 సెకన్లు, వెల్లింగ్టన్‌ది 8 గంటల 18 నిమిషాల 13 సెకన్లు. తేడా ఎనిమిది శాతం. 1979లో అది పదిహేను. ఆడవాళ్ల శరీరం ఇంత దూరం తట్టుకోలేదన్న వాదనకు ఇంతకంటే జవాబేం కావాలి? 2012 చివర్లో ఆమె విరమించింది. మరుసటి ఏడు సహచరులతో కలిసి టూర్ డి ఫ్రాన్స్‌లో మహిళలకూ పోటీ పెట్టమని సంతకాల ఉద్యమం నడిపింది. 2014లో పారిస్‌లో ఒక్కరోజు పోటీగా అది మొదలైంది, 2022 నాటికి వారం పైబడి సాగే మహిళల టూర్ అయింది. 2023లో కోనా పందెం మొట్టమొదటిసారి ఆడవాళ్లకే ప్రత్యేకంగా జరిగింది. లూసీ చార్ల్స్-బార్‌క్లే మొదటినుంచి చివరిదాకా ముందుండి 8 గంటల 24 నిమిషాల 31 సెకన్లలో గెలిచింది.

మన దేశానికి ఇది ఆలస్యంగా వచ్చింది. 2019 అక్టోబరులో గోవాలో సగం దూరపు ఐరన్‌మ్యాన్ మొదలైంది. సైకిలు ఖరీదూ, ఈతకొలనూ అందరికీ అందేవి కావు. అందుకే ఇది ఇంకా నగరాల ఉద్యోగుల ఆటగానే ఉంది. సముద్రానికి మాత్రం టిక్కెట్టు లేదు. సామర్లకోటకు చెందిన గోలి శ్యామల నలభై దాటాక ఈత నేర్చుకుని, 2021 మార్చిలో, 48వ ఏట, శ్రీలంక నుంచి ధనుష్కోటికి పాక్ జలసంధిని 13 గంటల 43 నిమిషాల్లో ఈదింది. 2025 జనవరి మొదటి వారంలో విశాఖ నుంచి కాకినాడకు సముద్రం మీదుగా రోజుకు కొంత చొప్పున ఈదుకుంటూ చేరింది. అదీ మన తీరమే.

వెల్లింగ్టన్ రోత్ రికార్డును దాటడానికి పన్నెండేళ్లు పట్టింది. 2023 జూన్ 25న అదే రోత్‌లో 36 ఏళ్ల దానియేలా రైఫ్ 8 గంటల 8 నిమిషాల 21 సెకన్లలో దాటింది. ఏడాదికి ఆన్ హాగ్ దాన్ని 8 గంటల 2 నిమిషాల 38 సెకన్లకు దించింది, ఆమె వయసు 41. ఈ పన్నెండేళ్లలో కార్బన్ పలకల బూట్లొచ్చాయి, సైకిళ్లు మారాయి, తాగే పానీయాలూ మారాయి. కాబట్టి ఆ నిమిషాలను ఈ నిమిషాలతో సూటిగా తూచలేం. ఇంకో లెక్క మాత్రం బూట్లతో మారేది కాదు. ఐరన్‌మ్యాన్ దూరంలో వెల్లింగ్టన్ మొత్తం 13 పందేల్లో బయల్దేరింది, పదమూడూ గెలిచింది.