కళ్ళారా చూసినవారి మాట

హత్య కేసులో కంటి సాక్ష్యం గొప్పదా, నిపుణుడి కాగితం గొప్పదా? జెస్సికా లాల్ కేసే చూడండి.

1999 ఏప్రిల్ నెలాఖరు రాత్రి ఢిల్లీలో, నిండు విందులో ఆమెను కాల్చి చంపారు. పిస్తోలు దొరకనే లేదు. దొరికిన రెండు ఖాళీ తూటాలు వేర్వేరు ఆయుధాలవిలా ఉన్నాయని నిపుణుడన్నాడు. పక్కనే ఉన్న సాక్షి మాట మార్చాడు. ఇంకేముంది, 2006 ఫిబ్రవరిలో నిందితులు తొమ్మిదిమందీ విడుదలయ్యారు!

కాని ఆ రెస్టారెంటు యజమానురాలు బీనా రమణి మాట తప్పలేదు. బయటికి వస్తున్న మనూ శర్మను నిలదీశానని కోర్టులో చెప్పారు. ఇటువంటి సాక్ష్యాలను నమ్మి, రెండాయుధాల వాదాన్ని తోసిపుచ్చి, అదే డిసెంబరులో హైకోర్టు అతనికి యావజ్జీవ శిక్ష వేసింది. 2010లో సుప్రీంకోర్టు ఖాయం చేసింది.

తూటాలు తికమక పెట్టవచ్చు. సాక్షి నిలబడితేనే కదమ్మా, న్యాయం నిలబడేది!