దాజీ పేట్ రంగుతొట్టి, ఢిల్లీ సంతకం

షోలాపూరు దాజీ పేట్‌లో తువ్వాళ్ళు, చద్దర్లు నేసే పద్మశాలి కుటుంబాలు తరతరాల క్రితం తెలంగాణ జిల్లాల నుంచి వలస వచ్చినవి. అక్కడి తెలుగును గురించి వ్రాసే మావంటి భాషావేత్తలు అద్దకపు తొట్టిని సాధారణంగా పట్టించుకోరు. ఈసారి దాని గురించే వ్రాయదలిచాము. విదేశంలో కుదిరిన పర్యావరణ ఒడంబడికపై మన ప్రభుత్వం చేసే సంతకం ఆ తొట్టిలోని రంగును నేరుగా నిషేధించగలదా?

నిషేధించలేదు. రాజ్యాంగం 73వ అధికరణం ప్రకారం ఒడంబడిక కుదుర్చుకోవడానికి కేంద్రానికి పార్లమెంటు ముందస్తు అనుమతి అక్కరలేదు. అయితే కచ్ సరిహద్దు విషయమై వచ్చిన మగన్‌భాయ్ కేసులో 1969లో సుప్రీం కోర్టు ఒక హద్దు చూపింది: ఒడంబడిక పౌరుల హక్కులను కుదించినా, అమలులో ఉన్న చట్టాన్ని మార్చినా శాసనం కావలసిందే. సంతకం వేరు, అనుసమర్థన వేరు, శాసనం వేరు. వాడుకలో ఈ మూడింటినీ ‘ఒప్పుకోవడం’ అనే ఒక్క మాటతో సరిపెట్టుకుంటాము. గందరగోళం సగం అక్కడే పుడుతుంది.

ఇక ఆ శాసనం సంగతి. నీరు రాష్ట్రాల జాబితాలోనిది కనుక 1974 నాటి నీటి కాలుష్య చట్టాన్ని 252వ అధికరణం క్రింద, రాష్ట్ర శాసనసభల తీర్మానాలతో తెచ్చారు. 1981 నాటి వాయు చట్టానికి, 1986 నాటి పర్యావరణ పరిరక్షణ చట్టానికి ఆ అవసరం కలగలేదు. 1972 స్టాక్‌హోం సమావేశ నిర్ణయాలను అమలు చేయడానికంటూ 253వ అధికరణాన్ని ఆశ్రయించారు. పైగా 1986 చట్టం, ప్రమాదకర పదార్థాలపై నియమాలు చేసే అధికారాన్ని తిరిగి కేంద్ర ప్రభుత్వానికే అప్పగించింది. పార్లమెంటు తలుపు తీసి తాళంచెవి అక్కడే వదిలి వెళ్ళినట్లయింది. అసలు బలహీనత ఇదేనని మా అభిప్రాయం.

1997 మార్చిలో 70 అజో రంగులను నిషేధించినది ఈ చట్టం క్రిందనే. విచిత్రమేమంటే దానికి ముందు వచ్చినది ఒడంబడిక కాదు, జర్మనీ 1994లో తన వినియోగదారుల కోసం చేసుకున్న శాసనం. తువ్వాళ్ళు ఎగుమతి చేసే ఊరి మీద కొనేవాడి దేశపు చట్టం మన రాజ్యాంగపు హద్దులేవీ దాటకుండానే పనిచేస్తుంది.

2001 నాటి స్టాక్‌హోం ఒడంబడిక కథ వేరు. 2006లో దానిని అనుసమర్థించినప్పుడు, కొత్తగా చేర్చే ఏ రసాయనమైనా తాను విడిగా సమ్మతిస్తేనే తనకు వర్తిస్తుందని భారతదేశం షరతు పెట్టింది. 2018లో నియమాల ద్వారా ఏడు రసాయనాలను ఇక్కడ నిషేధించి, 2020 అక్టోబరులో మంత్రివర్గం వాటికి సమ్మతి తెలిపింది. ముందు ఇంటి నియమం, తరువాత బయటి వాగ్దానం: ఈ వరుస మాకు నచ్చింది. అదే రోజు, దేశంలో ఇదివరకే నియంత్రణలో ఉన్న రసాయనాల విషయంలో ఇకపై సమ్మతించే అధికారాన్ని ఇద్దరు మంత్రులకు అప్పగించడం మాత్రం నచ్చలేదు.

1986 చట్టం క్రింద చేసిన ప్రతి నియమాన్నీ ఉభయసభల ముందు 30 రోజులు ఉంచాలని 26వ సెక్షను చెబుతున్నది. ఆ గడువులో షోలాపూరు సభ్యుడైనా సవరణ కోరవచ్చు.