అంకె మారినను నిలిచిన పేరు

పలికినవాడు కానరాక, పలుకు మాత్రము వినవచ్చినచో దానిని మన పూర్వులు ఆకాశవాణి యనిరి. దేవకీదేవి పెండ్లిరథమును తోలుచున్న కంసుడు విన్నది అట్టి వాక్కే. రేడియోకు ఇంతకన్న తగిన పేరు దొరకదు.

1935 సెప్టెంబరు 10న మైసూరులో మనస్తత్వశాస్త్రాచార్యులు ఎం.వి. గోపాలస్వామిగారు తమ యింటనే 30 వాట్ల ప్రసారయంత్రమును నెలకొల్పిరి. ఆ చిన్న కేంద్రమే ఆకాశవాణి యను పేరు దాల్చెను. మరుసటి యేడు, 1936 జూన్ 8న, ప్రభుత్వ ప్రసారసంస్థ ‘ఇండియన్ స్టేట్ బ్రాడ్‌కాస్టింగ్ సర్వీస్’ అను దీర్ఘనామమును విడిచి ‘ఆల్ ఇండియా రేడియో’ అయ్యెను. ఆ మూడు మాటల తొలి యక్షరములను కూర్చినచో ఆంగ్లమున గాలి యని యర్థము వచ్చును. 1950లో మైసూరు కేంద్రము ఆ సంస్థలో కలిసెను. 1955లో బెంగుళూరునకు తరలెను. కేంద్రము కలిసిపోయినను దాని పేరు మాత్రము ఆ దశాబ్దము ముగియకముందే దేశమంతటను వ్యాపించెను.

తమిళనాట మాత్రము ‘వానొలి’ యను మాట నిలిచెను. వాన్ అనగా ఆకాశము, ఒలి యనగా ధ్వని. భావ మొక్కటే, నుడి వేరు. ప్రజల నోట నలిగిన పేరును ఉత్తరువుతో మార్చుట సులభము కాదని దీనివలన తెలియుచున్నది.

అంకెల సంగతి వేరు. మధ్యతరంగ కేంద్రముల నడుమ దూరము 9 కిలోహెర్ట్జులుగా నుండవలెనని 1975లో జెనీవాలో దేశములు ఒప్పుకొనగా, 1978 నవంబరు 23 నుండి ఆ యేర్పాటు అమలునకు వచ్చెను. విజయవాడ 837, హైదరాబాదు 738, బెంగుళూరు 612 - ఇవన్నియు 9చే నిశ్శేషముగ భాగింపబడు సంఖ్యలే. పిమ్మట వివిధభారతి ఎఫ్.ఎం.కు మారి హైదరాబాదున 102.8, బెంగుళూరున 102.9 మెగాహెర్ట్జులపై వినబడెను. 1957 అక్టోబరు 3న పెట్టిన పేరు మారలేదు. బెంగుళూరున 2001లో వెలసిన రేడియో సిటీ తన పేరు ప్రక్కనే 91 అను అంకెను చేర్చుకొనెను. తరువాత ఆ అంకె 91.1 అయ్యెను, పేరు నిలిచెను. అంకె యంత్రమునకు గుర్తు, పేరు శ్రోతకు గుర్తు. ముల్లు కొంచెము జరిగినను ‘ఆకాశవాణి, విజయవాడ కేంద్రము’ అను పిలుపు చెవిని బడగనే, పొరుగు రాష్ట్రముననున్న తెలుగు ఇంటివారు తమ చోటు చేరితిమని గుర్తించెడివారు. రాత్రివేళ మధ్యతరంగములు దూరము పోవుటవలన ఆ భాగ్యము సరిహద్దులు దాటి లభించెడిది.

2023 మేలో ‘ఆల్ ఇండియా రేడియో’ అను పేరును మాని ఆకాశవాణి యనియే వాడవలెనని ప్రసారభారతి నిర్ణయించెను. మైసూరులో ఒక యింట పుట్టిన మాట 88 ఏండ్లకు సంస్థకంతటికి ఏకైకనామ మయ్యెను.

మన కుటుంబములకును ఊరు మారినది, వీధి మారినది, చిరునామాలోని అంకెలన్నియు మారినవి. వెంట వచ్చినది ఇంటిపేరు. అదియు నేడు పెక్కు ఇండ్లలో ఒక్క పొడియక్షరమై మిగిలినది. ఆ యక్షరమునకు పూర్తిరూప మేమని అడిగిన పిల్లలు తడుముకొనుచున్నారు. ఆకాశవాణి దినదినము పలుకబడినందుననే నిలిచినది. మన ఇంటిపేరును కూడ పిల్లలచే పూర్తిగా పలికింతము.