కళాశాలల్లో ర్యాగింగు, వేధింపులు – మన చట్టాలు నడిచి వచ్చిన దారి

ప్రతి ఏడూ ఇంటర్ ఫలితాలు వచ్చి, కౌన్సెలింగులు ముగిశాక మా మహదేవపూర్ బస్టాండులో ఒక దృశ్యం తప్పక కనబడుతుంది. సూట్‌కేసు, బకెట్టు, పరుపు చుట్ట, పచ్చడి సీసాల సంచి సర్ది తల్లిదండ్రులు పిల్లలను కాటారం, భూపాలపల్లి మీదుగా వరంగల్ బస్సు ఎక్కిస్తారు. ఫీజు ఎంత, మెస్ బిల్లు ఎంత అని లెక్కలు వేసుకుంటాము. అక్కడ తోటి పిల్లలు మన బిడ్డతో ఎలా మెలుగుతారు, మన బిడ్డ వారితో ఎలా మెలుగుతాడు అన్న సంగతి మాత్రం అడగము. ప్రత్యేక సంచికకు ఏదైనా రాయమని సంఘం వారు కోరినప్పుడు నాకు ఈ విషయమే తోచింది.

మా ప్రాంతం 2016 అక్టోబరు వరకు కరీంనగర్ జిల్లాలో ఉండేది. పెద్ద చదువు అంటే కరీంనగర్, లేదంటే వరంగల్. వరంగల్‌లో 1959లో ప్రాంతీయ ఇంజనీరింగ్ కళాశాల, అదే సంవత్సరం కాకతీయ వైద్య కళాశాల, 1976లో కాకతీయ విశ్వవిద్యాలయం వచ్చాయి. దానితో గోదావరి ఒడ్డు పల్లెల పిల్లలు కూడా మొదటిసారిగా హాస్టల్ గడప తొక్కారు. ఆ గడప దగ్గరే వారికి ర్యాగింగు ఎదురయ్యేది. అప్పట్లో దానికి పెట్టిన ముద్దుపేరు 'పరిచయం'.

ఆ రోజుల్లో నేను ఒక కళాశాల హాస్టల్ ఆఫీసులో జూనియర్ అసిస్టెంటును. చేరి ఇరవై రోజులైనా కాని ఒక కుర్రవాడు వచ్చి టి.సి. ఇప్పించమన్నాడు. చెంప వాచి ఉంది. ఏమైందని అడిగితే తల వంచుకున్నాడు. పక్కనే ఉన్న పెద్ద గుమస్తాగారు "రాసెయ్యవయ్యా, కుటుంబ కారణాలని" అన్నారు. రాశాను. ఆ అబ్బాయి చదువు మళ్లీ సాగిందో లేదో నాకు తెలియదు. సర్వీసులో వేల కాగితాలు రాశాను గాని, చేతులారా అబద్ధం రాసిన ఆ ఒక్క గడి ఈనాటికీ కళ్లముందు కదులుతూనే ఉంటుంది. నన్ను తప్పు పట్టే చట్టం అప్పుడు లేదు. వార్డెన్‌ను, ప్రిన్సిపాల్‌ను జవాబు అడిగే నిబంధనా లేదు.

ఆ చట్టం రావడానికి ఒక తల్లికి కడుపుకోత మిగలవలసి వచ్చింది. 1996 నవంబరులో తమిళనాడులోని అన్నామలై విశ్వవిద్యాలయంలో మొదటి సంవత్సరం వైద్య విద్యార్థి హత్యకు గురయ్యాడు. దేశమంతా ఉలిక్కిపడింది. తమిళనాడు 1997లో ర్యాగింగు నిషేధ చట్టం చేసింది. అదే సంవత్సరం మన ఆంధ్రప్రదేశ్ శాసనసభ కూడా చేసింది. అది 1997 నాటి 26వ చట్టం. జూనియర్‌ను ఎగతాళి చేసి అవమానిస్తే 6 నెలల వరకు జైలు లేదా 1,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. కొడితే, బెదిరిస్తే, నిర్బంధిస్తే శిక్ష మెట్టుమెట్టుగా పెరుగుతుంది. ప్రాణం పోయినా, ఆత్మహత్యకు పురికొల్పినా యావజ్జీవం వరకు వెళుతుంది.

ఆ చట్టంలో 7వ సెక్షనును మన ఉద్యోగులందరూ తెలుసుకోవాలి. ఫిర్యాదు వచ్చినా సంస్థ అధిపతి చర్య తీసుకోకపోతే ఆయన కూడా నేరానికి సహకరించినట్లే లెక్క. ఇంతకాలం 'పిల్లల ఆటలు' అని తలుపు వేసుకున్న వారిని మొదటిసారిగా బోనువైపు నడిపించిన వాక్యం అది.

అయినా కాగితం మీది మాట హాస్టల్ గదిదాకా చేరడానికి మరో పుష్కరం పట్టింది. 2001లో సుప్రీంకోర్టు మార్గదర్శకాలు ఇచ్చింది. తరువాత సి.బి.ఐ. మాజీ డైరెక్టర్ ఆర్.కె. రాఘవన్ గారి అధ్యక్షతన కమిటీ వేసి, దాని సిఫారసులను 2007లో అమలు చేయమంది. 2009 మార్చిలో హిమాచల్ ప్రదేశ్‌లో సీనియర్ల దెబ్బలకు ఒక వైద్య విద్యార్థి చనిపోయాడు. ఆ జూన్‌లో యు.జి.సి. నిబంధనలు వచ్చాయి. ఇప్పుడు ప్రవేశం వేళ విద్యార్థీ, తల్లిదండ్రులూ ఇచ్చే ప్రమాణపత్రం వాటి ఫలితమే. సంతకం పెట్టేటప్పుడు చదివేవారు ఎందరో మనకు తెలిసిందే!

ఇక ఆడపిల్లల సంగతి. మన కాలంలో దానికి 'ఈవ్ టీజింగ్' అని తేలిక పేరు పెట్టి నవ్వుకున్నాము. ఆ నవ్వును చెరిపేసిన రోజు 2008 డిసెంబరులో మన వరంగల్‌లోనే వచ్చింది. కళాశాల నుంచి ఇంటికి వెళుతున్న ఇద్దరు ఇంజనీరింగ్ విద్యార్థినుల మీద ఆమ్లం పోశారు. ఒక అమ్మాయి ఆ నెలాఖరున కన్నుమూసింది. ఘటన జరిగిన కొద్ది రోజులకే నిందితులు ముగ్గురూ పోలీసు కాల్పుల్లో మరణించారు. చాలామంది హర్షించారు. ఆ కోపం నాకు అర్థమయింది. కాని ఆ కాల్పులు పోయిన ప్రాణాన్ని తేలేదు, ఆమ్లం అమ్మే దుకాణాన్నీ మూయలేదు, కాదన్న అమ్మాయిని వదిలిపెట్టాలని ఏ కుర్రవాడికీ నేర్పలేదు. శిక్ష వేరు, నివారణ వేరు.

నివారణ వైపు అడుగులు 2013లో పడ్డాయి. ఢిల్లీ ఘటన తరువాత చేసిన సవరణలతో ఆమ్లదాడికి కనీసం 10 ఏళ్ల జైలు, వెంటపడి వేధించడానికి మొదటిసారి 3 ఏళ్ల వరకు జైలు అని ప్రత్యేక సెక్షన్లు వచ్చాయి. 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహితలో అవి 124, 78 సెక్షన్లు. ఆమ్లం విడి అమ్మకాలకు సుప్రీంకోర్టు 2013 జూలైలో కళ్లెం వేసింది. 1997 నాటి విశాఖ తీర్పు 2013లో చట్టమైంది. 2015 యు.జి.సి. నిబంధనల ప్రకారం ప్రతి ఉన్నత విద్యాసంస్థలో మహిళ అధ్యక్షతన అంతర్గత ఫిర్యాదుల కమిటీ ఉండాలి. విద్యార్థుల విషయమైతే విద్యార్థి ప్రతినిధులూ అందులో కూర్చుంటారు. 2014 అక్టోబరులో హైదరాబాదులో మొదలైన షీ టీములు తరువాత అన్ని జిల్లాలకూ వచ్చాయి.

ఇన్ని ఉన్నా 2023 ఫిబ్రవరిలో వరంగల్‌లో చదువుతున్న ఒక వైద్య పీజీ విద్యార్థిని మరణించింది. సీనియర్ వేధింపుల ఆరోపణ మీద కేసు నమోదైంది. కేసు తీర్పు కోర్టు పని. మనం ఆలోచించవలసింది వేరే ఉంది. చట్టం తలుపు తెరిచి ఉన్నా పిల్లలు లోపలికి రావడానికి ఎందుకు జంకుతున్నారు?

దీనికి జవాబు నాకు మా మనవరాలు చెప్పింది. ఒకనాటి రాత్రి హాస్టల్ నుంచి ఫోన్ చేసి, "తాతా, ఒక మాట చెప్తా. చెప్తే నా చదువు మాన్పించరు గదా?" అని అడిగింది. ఆ ప్రశ్నకు నా గుండె కలుక్కుమంది. ఒకడు రోజూ వెంటపడుతున్నాడట. రెండు నెలలుగా దాచుకుంది. వాడికి భయపడి కాదు, మనకు భయపడి! "మాన్పించం బిడ్డా" అన్నాను. మరునాడు వాళ్ల అమ్మను వెంటబెట్టుకుని కమిటీకి రాసి ఇచ్చింది. కమిటీ ఆ అబ్బాయినీ, అతని తండ్రినీ పిలిచి మాట్లాడింది. వేధింపు ఆగింది, చదువు ఆగలేదు. ఆ తండ్రి ఒక మాట అన్నాడట: "మావాడికి ఇట్ల చేయొద్దని మేం ఎప్పుడూ చెప్పలేదు మేడమ్." నిజాయితీగల మాట. మనలో ఎందరం చెప్పాము?

వెంటపడి వెంటపడి చివరకు మనసు గెలిచే హీరోను తెర మీద చూస్తూ మన మగపిల్లలు పెరిగారు. ఇష్టం లేదంటే లేదనే అర్థమని ఇంట్లో ఎవరో ఒకరు చెప్పాలి. స్నేహమంటే ఫోన్ లాక్కుని చూడటం, ఎవరితో మాట్లాడాలో శాసించడం కాదనీ చెప్పాలి. తల్లిదండ్రులు సంపాదనలో మునిగి ఉంటారు. తీరిక ఉన్నది మనకే. కనుక పెన్షనర్ మిత్రులకు నా మనవి మూడే మాటలు. పిల్లలు కళాశాలకు బయలుదేరే ముందు 'ఏం జరిగినా చదువు మాన్పించం' అని మాట ఇవ్వండి. ర్యాగింగు ఫిర్యాదుకు 1800-180-5522, మహిళలకు 181, అత్యవసరానికి 112 నంబర్లు వారి పుస్తకంలో రాసి పెట్టండి. ఆడపిల్లకు జాగ్రత్తలు చెప్పినంతసేపు మగపిల్లవాడికి మర్యాద కూడా చెప్పండి.

ఆనాడు ఆ కుర్రవాడిని కూర్చోబెట్టి, నీళ్లిచ్చి, "ఎవరు కొట్టారు నాయనా?" అని రెండోసారి అడిగి ఉంటే బాగుండేది. ఆ గడిలో రాసినది ఇప్పుడు దిద్దలేను. మన మనవల విషయంలోనైనా ఆ రెండో ప్రశ్న అడగడం మరచిపోవద్దు.