రెండో హరిశ్చంద్రుడు

మా ముండ్లమూరు చుట్టుపక్కల తిరునాళ్లలో వేసే సత్యహరిశ్చంద్ర నాటకంలో హరిశ్చంద్రుడు ఒక్కడే ఉండడు. మొదటి హరిశ్చంద్రుడు ఫలానా, రెండో హరిశ్చంద్రుడు ఫలానా అని కరపత్రంలోనే వేస్తారు. రాజ్యం వదిలి ఆలుబిడ్డలతో కాశీ చేరేదాకా ఒకరు, కాటికాపరిగా ఇంకొకరు. తెల్లవార్లూ ఒకే గొంతు అన్ని పద్యాలు మోయలేదంటారు. పేరున్న నటులు ఇద్దరుంటే జనం బాగా కదులుతారన్న లెక్క కూడా ఉందని నా అనుమానం.

పద్యం ఈ నేలకు కొత్త కాదు. అద్దంకిలో దొరికిన పండరంగడి తరువోజ శాసనం క్రీ.శ. 848 నాటిది. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడేదాకా ఆ అద్దంకి గుంటూరు జిల్లా, ఇటు దర్శి నెల్లూరు జిల్లా. మేం ఆ రెంటి నడుమ. నాటకాల మోజులో మాత్రం మాది తెనాలి దారే.

జనం కాచుకునేది రెండోవాడి కోసం. అర్ధరాత్రి దాటాక కాటిసీను. నాటకం బలిజేపల్లి లక్ష్మీకాంతకవిదే అయినా, ఆ సీనుకు ప్రాణం పోసిన శ్మశానవాటి పద్యాలు 1895లో మా పొరుగున వినుకొండలో పుట్టిన గుర్రం జాషువావి. నటులే తెచ్చి అందులో కలుపుకున్నారు. ఇప్పుడవి తీసేస్తే రాళ్లు పడతాయి! డి.వి. సుబ్బారావుకు అంత పేరు తెచ్చింది ఆ వేషమే. టేపురికార్డర్ల రోజుల్లో టీకొట్లలో మోగిందీ ఎక్కువగా కాటిసీనే.

ముఖానికి రంగు, కళ్లకు కాటుక, భుజాలదాకా జుట్టు, చెవులు చిల్లులుపడే మైకు స్వీడన్‌లోనూ ఉన్నాయి. స్టాక్‌హోమ్ గ్లామ్ మెటల్ బ్యాండు క్రాష్‌డయెట్ తొలి ఆల్బమ్ 2005లో వచ్చింది. మరుసటి జనవరిలో గాయకుడు డేవ్ లెపార్డ్ చనిపోయాడు. బ్యాండు చెదిరి మళ్లీ కూడి, ఫిన్లండ్ నుంచి కొత్త గాయకుణ్ణి తెచ్చుకుని 2007లో ‘ది అన్‌అట్రాక్టివ్ రివల్యూషన్’ విడుదల చేసింది. 2010 నాటి మూడో ఆల్బమ్‌కు మళ్లీ వేరే గొంతు. అక్కడ రెండోవాడు పోయినవాడి పేరుతో పోటీపడాలి. మా దగ్గర తెల్లారేసరికి మరుగున పడేది మొదటివాడే.

అతను పాడేటప్పుడు జనం ఇంకా చాపలు పరుచుకుంటూ, పిల్లల్ని సర్దుకుంటూ ఉంటారు. విశ్వామిత్రుడికి రాజ్యం ధారపోసే ఘట్టం సగంమందికి వినపడదు. అది వినడానికే పెందలాడే భోంచేసి వచ్చి, హార్మోనియం దగ్గర చోటు పట్టే ముసలివాళ్లు కొందరు మా ఊళ్లో ఉండేవారు. కాటిసీను సగంలోనే లేచి ఇంటికి పోయేవారు.